అరవై ఆరు శాతం హెట్: తార్నాకలో ఒక కార్న్ స్నేక్ ప్రాజెక్టు డైరీ

ఆగస్టు 19, 2018

ఈరోజు రెండు కార్న్ స్నేక్ పిల్లలు ఇంటికి వచ్చాయి. రెండూ ఈ జూన్‌లో బెంగళూరులో ఒకరి ఇంట్లో పొదిగినవి, వేర్వేరు తల్లులవి. పెన్సిలు మందాన, జానెడుకు కాస్త మించిన పొడవున ఉన్నాయి. మగది అమెల్. మెలనిన్ అనే నల్లరంగు ఒంట్లో బొత్తిగా లేనందువల్ల అది నారింజ ఒంటి మీద ఎర్రని మచ్చలతో, ఎర్రని కళ్లతో ఉంది. ఆడది మామూలు రంగుది. గోధుమవన్నె ఒంటి మీద ముదురు ఎరుపు మచ్చలు, వాటి చుట్టూ నల్లని అంచు ఉన్నాయి, పొట్ట తిప్పి చూస్తే నలుపూ తెలుపూ గళ్లు చదరంగం బల్లలా కనిపిస్తున్నాయి.

ఆడపిల్ల వచ్చిన డబ్బా మీద అమ్మినవారు "నార్మల్, 66 శాతం హెట్ అమెల్" అని చీటీ అంటించి ఇచ్చారు, ఆ మాటకుగాను మామూలు పిల్ల ధర కంటే ఎక్కువే తీసుకున్నారు. హెట్ అంటే మన పాఠ్యపుస్తకాల్లోని విషమయుగ్మజం, అంటే జతగా ఉండే జన్యువుల్లో ఒకటి మామూలుది, రెండోది మార్పు చెందినది. అమెల్ అంతర్గత లక్షణం కాబట్టి రెండు ప్రతులూ మారినవైతేనే పైకి కనిపిస్తుంది, ఒక్కటే ఉంటే పాము అచ్చం మామూలు పాములాగే ఉంటుంది. ఈ ఆడపాములో ఆ ఒక్క ప్రతి ఉందా లేదా అన్నది తేల్చడమే నేను పెట్టుకున్న పని.

మన నేల మీది జెర్రిపోతునో నీరుకట్టునో పట్టి ఇంట్లో ఉంచుకోవడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడమే న్యాయం. కార్న్ స్నేక్ అమెరికా ఆగ్నేయ ప్రాంతపు పాము, విషం లేనిది, కొన్ని దశాబ్దాలుగా ఇళ్లలోనే తరతరాలుగా పుట్టి పెరుగుతున్నది. అందుకే దీనిని ఎంచుకున్నాను.

ఆడదానిని మొదటి రోజు నుంచీ ఒంటరిగానే ఉంచాలని రిజిస్టరు మొదటి పేజీలోనే రాసుకున్నాను. ఆడపాములు మగదాని బీజాన్ని నెలల తరబడి దాచుకోగలవు కనుక, ఇంతకుముందు మరో మగపాముతో కలిసినదైతే పుట్టిన పిల్లలకు తండ్రి ఎవరో చెప్పలేము. తండ్రి ఎవరో తెలియని పిల్లల రంగును బట్టి తల్లి జన్యువు గురించి ఏ మాటా అనలేము.

ఫిబ్రవరి 28, 2021

రెండున్నరేళ్లు మేత, బరువు, కుబుసం వివరాలతోనే గడిచాయి. ఆడది 340 గ్రాములకు వచ్చింది. జత కట్టడానికి సిద్ధం చేసేందుకు డిసెంబరులో రెండు వారాలు మేత ఆపి, కడుపు ఖాళీ అయ్యాక హీట్ మ్యాట్లు తీసేసి ఆరు వారాల పాటు చల్లని గదిలో చీకట్లో ఉంచాను. మన చలి వాటి సొంత ఊళ్ల చలితో పోటీపడదు గానీ ఈసారి గదిలో తెల్లవారుజామున 18 డిగ్రీలు పలికింది.

పై వాటాలో ఉండే అక్కయ్య కూతురు ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతోంది. రిజిస్టరు తిరగేస్తూ, "ఈ అరవై ఆరు ఎక్కడి నుంచి వచ్చింది మామయ్యా? హెట్, హెట్ కలిస్తే పిల్లల్లో సగమేగా హెట్‌లు?" అని అడిగింది. అడగవలసిన ప్రశ్నే. నాలుగు గళ్ల పట్టిక తననే వేయమన్నాను. ఒక గడిలో రెండూ మామూలు జన్యువులు, రెండు గళ్లలో ఒకటి మామూలు ఒకటి అమెల్, చివరి గడిలో రెండూ అమెల్ అని రాసింది.

"ఇప్పుడు ఆ పాముకేసి చూడమ్మా. అది అమెలా?"

"కాదు."

"అయితే నాలుగో గడి కొట్టెయ్."

కొట్టేసి, మిగిలిన మూడు గళ్లనూ వేలితో లెక్కపెట్టి, "మూడింట్లో రెండు" అంది.

అంతే లెక్క. తల్లిదండ్రులిద్దరూ హెట్‌లని ఖాయంగా తెలిసి, పిల్ల పైకి మామూలుగా ఉంటే, అది హెట్ అయ్యే అవకాశం మూడింట రెండు వంతులు. పాము ఒంట్లో అరవై ఆరు శాతం అనేది ఏదీ లేదు. జన్యువు ఉంటే ఉంది, లేకపోతే లేదు, ఆ అంకె కొలిచేది ఆ పాము గురించి మనకు ఎంత తెలుసునన్న సంగతినే. ఈ తేడా తెలియకపోవడం వల్లనే చాలామంది అరవై ఆరు శాతం పిల్లకు అమెల్ రంగు కొద్దిగా అయినా ఉంటుందేమోనని వెతుకుతారు. హెట్ పాము ఎందుకు మామూలుగా ఉంటుందో కూడా ఇప్పుడు తెలుసు. కార్న్ స్నేక్‌లో అమెల్‌కు కారణం ఓసీఏ2 అనే జన్యువు మధ్యలో మరొక డీఎన్ఏ ముక్క వచ్చి ఇరుక్కోవడమేనని జెనీవా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో చూపించారు. ఆ ముక్క ఇరుక్కున్న ప్రతి పనిచేయదు, కానీ జతలోని రెండో ప్రతి బాగుంటే అది ఒక్కటే ఒంటికి కావలసినంత నల్లరంగును తయారు చేయిస్తుంది. మనుషుల్లోనూ ఇదే జన్యువు రెండు ప్రతులూ చెడితే పుట్టుకతోనే చర్మం, జుట్టు, కళ్లకు రంగు తగ్గే ఆల్బినిజంలో ఒక రకం వస్తుంది.

ఏప్రిల్ 14, 2021

మార్చి మొదటి వారంలో రెండింటినీ మూడుసార్లు కలిపాను. అమెల్ మగపాము దగ్గర అమెల్ జన్యువు తప్ప ఇవ్వడానికి వేరే ఏదీ లేదు కనుక ఇది పుస్తకాల్లో చెప్పే పరీక్షా సంకరణమే: తల్లి హెట్ అయితే పిల్లల్లో సగం అమెల్‌లు కావాలి, కాకపోతే ఒక్కటి కూడా రాకూడదు.

ఆడది ఈ నెల 4న కుబుసం విడిచింది, సరిగ్గా పదో రోజున, ఈ తెల్లవారుజామున, తడి నాచు పెట్టిన డబ్బాలో పన్నెండు గుడ్లు పెట్టింది. ఒకటి పసుపుగా, గట్టిగా ఉన్న వట్టి గుడ్డు. మిగిలిన పదకొండింటికీ పెన్సిలుతో పైభాగాన చిన్న గీత పెట్టాను, ఎందుకంటే కోడిగుడ్లలా వీటిని తిప్పకూడదు, తిప్పితే లోపలి పిండం ఊపిరాడక పోతుంది. మిద్దె తోటల వాళ్లు వాడే వర్మిక్యులైట్‌ను సమాన బరువు నీళ్లతో తడిపి, అందులో సగం దాకా పూడ్చి, థర్మోకోల్ పెట్టెలో 28 డిగ్రీల దగ్గర పెట్టాను.

మే 6, 2021

రెండు గుడ్లు పోయాయి. తప్పు నాదే. థర్మోస్టాట్ ప్రోబ్‌ను గుడ్ల పక్కన కాకుండా పెట్టె మూతకు అంటించాను. చల్లని దేశాల వాళ్లకు గుడ్లను వెచ్చగా ఉంచడమే సమస్య, మనకు మే నెలలో చల్లగా ఉంచడం సమస్య. మొన్న రాత్రి కరెంటు పోయి ఏసీ ఆగాక గది వేడెక్కింది, కరెంటు తిరిగి రాగానే మూత దగ్గరి గాలి త్వరగా చల్లబడడంతో హీట్ మ్యాట్ వెలిగింది, ఆ సమయానికి గుడ్ల మట్టాన 33 డిగ్రీలు ఉంది. ఇవాళ టార్చి వెలుతురు పెట్టి చూస్తే రెండింటిలో రక్తనాళాలు చెదిరిపోయి ఉన్నాయి. తొమ్మిదింటిలో ఎర్రని వల చక్కగా కనిపిస్తోంది. ప్రోబ్‌ను గుడ్ల మధ్యకు మార్చాను, పెట్టెలో ఐస్ చేసిన నీళ్ల సీసా ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంచుతున్నాను.

జూన్ 15, 2021

అరవై రెండో రోజు. లాక్‌డౌన్ వల్ల ఇంట్లోనే ఉన్నాను కనుక పెట్టె ముందు నుంచి కదలలేదు. ఉదయం ఆరున్నరకు మొదటి గుడ్డు పైన బ్లేడుతో గీసినట్టు అరంగుళం గాటు పడింది, దాని వెంబడే జిగురు బొట్టు కట్టింది. అరగంటకు రెండో గాటు, మూడోది. తొమ్మిదింటికి ఒక ముట్టె బయటికి వచ్చింది. అమెల్ అయితే కన్ను ఎర్రగా ఉంటుంది కనుక తల బయటపడిన క్షణంలోనే తెలిసిపోతుంది. ఆ కన్ను నల్లగా ఉంది.

సాయంత్రానికి ఏడు తలలు. అన్నీ నల్లకళ్లే.

జూన్ 17, 2021

తొమ్మిది పిల్లలూ బయటికి వచ్చాయి. ఒక్క అమెల్ కూడా లేదు. మూడు మాత్రం మిగిలిన వాటికంటే బూడిదరంగుగా అనిపిస్తున్నాయి. అయితే అప్పుడే పుట్టిన పిల్లలన్నీ మాసినట్టే ఉంటాయి, మొదటి కుబుసం విడిచే దాకా ఏ మాటా రాయకూడదని నిర్ణయించుకున్నాను.

జూన్ 27, 2021

ఈ ఉదయానికి అన్నీ కుబుసం విడిచాయి. కిటికీ వెలుతురులో తెల్ల కాగితం మీద ఒక్కొక్కదానినే పెట్టి చూశాను. ఆరింటికి మెడ దగ్గర, మచ్చకూ మచ్చకూ మధ్య, పండిన నారింజ తొనతో గీత గీసినట్టు నారింజ రంగు ఉంది. మూడింటికి ఆ చోట బూడిద వన్నె తప్ప మరేమీ లేదు, మచ్చలు ఎరుపు ఛాయ లేని బొగ్గురంగులో ఉన్నాయి. ఇవి అనెరీలు. అమెల్‌లో నల్లరంగు లోపించినట్టే అనెరీలో ఎర్రరంగు లోపిస్తుంది, అదీ అంతర్గత లక్షణమే, దాని జన్యువు వేరు.

అనెరీ గురించి ఏ చీటీ మీదా ఒక్క మాట లేదు. రెండు ప్రతులు ఉంటేనే ఇది కనిపిస్తుంది కనుక తల్లి ఒకటి, తండ్రి ఒకటి ఇచ్చి తీరాలి. అంటే వేర్వేరు తల్లులకు పుట్టిన ఈ రెండు పాములూ, ఒకదానికొకటి సంబంధం లేకుండానే, ఒకే జన్యువును మోస్తూ మూడేళ్లు నా అలమరలో ఉన్నాయి. తాత పోలిక మనవడిలో బయటపడిందని మన పెద్దవాళ్లు అంటూ ఉంటారు, మధ్య తరంలో అది ఎక్కడికీ పోలేదని, కనిపించకుండా ఉందని ఈ మూడు పిల్లలను చేతిలో పెట్టుకుని చూస్తే అర్థమవుతుంది.

జూన్ 30, 2021

ఇప్పుడు అసలు లెక్క. తల్లి హెట్ అమెల్ అయి ఉంటే ఒక్కో పిల్ల అమెల్ కాకుండా పుట్టే అవకాశం సగం, తొమ్మిదికి తొమ్మిదీ అలా పుట్టే అవకాశం 512లో ఒకటి. కానీ ప్రశ్న అది కాదు. మేము మూడింట రెండు వంతుల నమ్మకంతో మొదలుపెట్టాము కదా, తొమ్మిది పిల్లలను చూశాక ఆ నమ్మకం ఎంతకు తగ్గిందన్నదే ప్రశ్న.

మేనకోడలికి ఇలా చెప్పాను. సరిగ్గా ఇలాంటి చీటీతోనే 1536 ఆడపాములు ఉన్నాయనుకో. వాటిలో మూడింట రెండు వంతులు, అంటే 1024, నిజంగా హెట్‌లు, 512 కావు. అన్నింటినీ అమెల్ మగపాములతో కలిపి తొమ్మిదేసి పిల్లలను పొదిగించాము. హెట్ కాని 512కూ అన్నీ మామూలు కళ్ల పిల్లలే పుడతాయి. హెట్ అయిన 1024లో అలా జరిగేది ఎన్నింటికి? ఆమె భాగించి, "రెండింటికి" అంది. మొత్తం 514లో రెండు, అంటే 257లో ఒకటి. నా ఆడపాము హెట్ అయ్యే అవకాశం ఇప్పుడు అర శాతం కూడా లేదు. రిజిస్టరులో "హెట్ అమెల్ కాదు" అని రాశాను.

అమ్మినవారు మోసం చేశారని నేను అనుకోవడం లేదు. మూడింట రెండు వంతులని వారు చెప్పారు, నాకు మిగిలిన ఒక వంతు వచ్చింది. అనెరీ సంగతి వారికీ తెలిసి ఉండదు. నాకున్న ఫిర్యాదు ఒక్కటే: ఆ పాము తల్లిదండ్రులు హెట్‌లని ఏ పిల్లలను చూసి తేల్చారో, ఎన్ని పిల్లలను చూశారో రాసిన కాగితం అడిగితే వారి దగ్గర లేదు.

ముగ్గురు అనెరీలు, ఆరుగురు మామూలు వాళ్లు: ఒకటికి మూడు రావలసిన చోట ఒకటికి రెండు వచ్చింది. ఇందులో వింత లేదు. మెండెల్ తన బఠానీల్లో 5474 గుండ్రని గింజలు, 1850 ముడతల గింజలు లెక్కపెట్టి 2.96కు ఒకటి అనే నిష్పత్తికి చేరుకున్నాడు. ఏడువేల పైచిలుకు గింజలకు దొరికిన నిక్కచ్చితనాన్ని తొమ్మిది గుడ్లను అడగకూడదు. ప్రతి గుడ్డూ తన చీటీ తానే తీసుకుంటుంది, పక్క గుడ్డులో ఏం పడిందో దానికి తెలియదు. తలసీమియా వాహకులైన దంపతులకు ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుందని వైద్యులు చెప్పేది కూడా ఈ అర్థంలోనే. మొదటి బిడ్డకు జబ్బు వచ్చిందని తరువాతి ముగ్గురూ తప్పించుకున్నట్టు కాదు.

పిల్లల చీటీలు రాశాను. తండ్రి అమెల్ కనుక తొమ్మిదీ నూరు శాతం హెట్ అమెల్, ఇందులో అనుమానానికి తావే లేదు. మామూలు రంగువి ఆరూ దీనికి తోడు 66 శాతం హెట్ అనెరీ. నాకు నచ్చని ఆ అంకెను నేనే ఆరు డబ్బాల మీద రాయవలసి వచ్చింది, కింద "తల్లిదండ్రులిద్దరూ హెట్ అనెరీ, 2021లో 9 పిల్లల్లో 3 అనెరీలు" అని కూడా రాశాను.

నవంబరు 8, 2022

ఆరు పిల్లలు తెలిసినవారి ఇళ్లకు వెళ్లాయి. అనెరీ ఆడపిల్ల ఒకటి, మామూలు మగపిల్లలు రెండు నా దగ్గరే ఉన్నాయి. నా గురి ఇప్పుడు మారింది: అమెల్, అనెరీ రెండూ కలిసిన స్నో, అంటే నలుపూ ఎరుపూ రెండూ లేని తెల్లని పాము, ఈ అనెరీ ఆడపిల్లకు పుట్టాలి.

త్వరగా కావాలంటే దాన్ని తండ్రితోనే కలపవచ్చు. 1953లో నార్త్ కరోలినాలో దొరికిన ఒక్క అమెల్ మగపాము నుంచి 1961లో మొదటి అమెల్ పిల్లలను పొందినప్పుడు రక్తసంబంధమున్న పాములను కలపడం తప్ప వేరే దారి లేదు. నాకు వేరే దారి ఉంది. రెండు అనెరీ జన్యువులు నాకు తెలియకుండా ఎలా ఎదురుపడ్డాయో, కంటికి కనిపించని చెడ్డ జన్యువులు కూడా తండ్రీకూతుళ్ల కలయికలో అలాగే ఎదురుపడతాయి. మేనరికం చేసుకునేవారిని వైద్యులు హెచ్చరించేది దీని గురించే. కాబట్టి సంబంధం లేని మగపాము దొరికే దాకా ఆగుతాను.

అక్టోబరు 22, 2023

మల్కాజిగిరిలో కార్న్ స్నేక్‌లు పెంచే ఒక పెద్దాయన దగ్గర నాలుగేళ్ల అమెల్ మగపాము ఉందని, అది నూరు శాతం హెట్ అనెరీ అని తెలిసి వెళ్లాను. "నూరు శాతమని ఎలా చెబుతున్నారండీ?" అని అడిగితే ఆయన ఏమీ వివరించకుండా, "దాని తల్లిని చూపిస్తాను, రండి బాబూ" అని లోపలికి తీసుకువెళ్లారు. తల్లి అనెరీ. రెండు ప్రతులూ అనెరీవే ఉన్న తల్లి పిల్లలకు అనెరీ తప్ప వేరేది ఇవ్వలేదు కనుక ఆ మాట నిలబడుతుంది.

నాకు మిగిలిన అనుమానం ఒకటే. కార్న్ స్నేక్‌లో ఎర్రరంగు లోపించే లక్షణం ఒక్కటే లేదు. అనెరీ ఒకటి, చార్‌కోల్ ఇంకొకటి. రెండూ బూడిదరంగు పాములే, జన్యువులు మాత్రం వేరు. అనెరీని చార్‌కోల్‌తో కలిపితే రెండు లోపాలకూ చెరొక మంచి ప్రతి దొరికి, పిల్లలన్నీ మామూలు రంగులో పుడతాయి. లెపర్డ్ గెకో బల్లుల్లో ట్రెంపర్, బెల్, రెయిన్‌వాటర్ అనే మూడు అల్బినో రకాలు ఉన్నాయి, వాటిలో ఏ రెండు రకాలను కలిపినా ఇదే జరుగుతుంది. పేరు ఒకటైనంత మాత్రాన జన్యువు ఒకటి కానక్కరలేదు.

పెద్దాయన ఆ తల్లిపామును నా చేతిలో పెట్టారు. గడ్డం కింద నుంచి మెడ పక్కలకు, ఆరిన పసుపు నీళ్ల మరకలా, లేత పసుపు పారి ఉంది. అనెరీలకు పెరిగే కొద్దీ ఈ పసుపు వస్తుంది, చార్‌కోల్‌లకు సాధారణంగా రాదు. నా అనెరీ ఆడపిల్లకు కూడా ఈ ఏడు అదే చోట అదే పసుపు మొదలైంది. ఇది నమ్మకానికి ఆధారమే గానీ రుజువు పిల్లలు పుట్టాకనే.

మార్చి 10, 2024

ఆడది 365 గ్రాములు. మల్కాజిగిరి మగపాముతో రెండుసార్లు కలిసింది. ఈ మధ్యనే వచ్చిన కేంద్ర నిబంధనల గురించి ఇద్దరు మిత్రులు అడిగారు. బాల్ పైథాన్ వంటి సైటిస్ (వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారంపై ఒప్పందం) జాబితా జంతువులు ఉన్నవారు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి, వాటికి పుట్టిన పిల్లల వివరాలూ తెలపాలి. కార్న్ స్నేక్ ఆ జాబితాలో లేదు, అయినా నా రిజిస్టరు అదే పద్ధతిలో నడుస్తోంది.

జూన్ 12, 2024

ఏప్రిల్ 11న పెట్టిన పదమూడు గుడ్లలో ఒకటి మొదటి వారంలోనే బూజు పట్టింది. పన్నెండు నిలిచాయి. తల్లి అనెరీ, హెట్ అమెల్. తండ్రి అమెల్, హెట్ అనెరీ. మామూలు, అమెల్, అనెరీ, స్నో నాలుగూ సమానంగా నాలుగో వంతు రావాలి. పన్నెండింటిలో ఒక్క స్నో కూడా రాకపోయే అవకాశం వందకు మూడు.

రాత్రి ఎనిమిదింటికి ఐదో గుడ్డులో నుంచి ఎర్రని కన్ను కనిపించింది. మేనకోడలు డిగ్రీ చివరి సంవత్సరం పరీక్షల పుస్తకాలు పక్కన పెట్టి కిందికి వచ్చి కూర్చుంది. ఎర్రకన్ను ఉన్నంత మాత్రాన తేలదు, అమెల్ కావచ్చు, స్నో కావచ్చు. పిల్ల తల బయట పెట్టి, మమ్మల్ని చూసి వెనక్కి తీసుకుని, మళ్లీ పెట్టింది. నెత్తి మీద నారింజ మచ్చ ఉంది. అమెల్.

పదకొండు దాటాక తొమ్మిదో గుడ్డు గాటులో మరో ఎర్రకన్ను. ఈసారి నెత్తి మీద మచ్చ ఉందో లేదో తెలియలేదు. టార్చి నేరుగా వేయకుండా గోడ మీదికి తిప్పి చూశాను. తడి ముత్యం రంగు చర్మం కింద లేత గులాబీ ఛాయ, దాని మీద నీళ్లతో గీసినంత పలుచని మచ్చల గీతలు. "స్నో మామయ్యా" అని మేనకోడలు నెమ్మదిగా అంది, గట్టిగా అంటే అది లోపలికి వెళ్లిపోతుందని.

జూన్ 23, 2024

కుబుసాలన్నీ అయ్యాయి. మామూలువి ఐదు, అమెల్‌లు రెండు, అనెరీలు నాలుగు, స్నో ఒకటి. నాలుగు అనెరీలు పుట్టాయి కనుక మల్కాజిగిరి అనెరీ, నా అనెరీ ఒకే జన్యువని రుజువైంది, ఈ సాయంత్రం పెద్దాయనకు ఫోన్ చేసి చెప్పాను.

చీటీలు మేనకోడలు రాసింది. మామూలు పిల్ల ఒకదాని ముందు ఆగి, శాతం ఎంత వేయాలని అడిగింది. తల్లి అనెరీ, కనుక దీనికి ఒక అనెరీ ప్రతి ఇచ్చి తీరింది, తండ్రి అమెల్, కనుక ఒక అమెల్ ప్రతి ఇచ్చి తీరాడు, పిల్ల పైకి మామూలుగా ఉంది కాబట్టి రెండిటిలోనూ రెండో ప్రతి మంచిదే. అలాగే అమెల్‌లు రెండూ హెట్ అనెరీలు, అనెరీలు నాలుగూ హెట్ అమెల్‌లు. స్నోకు దాచుకోవడానికి ఈ రెండిటిలో ఏమీ లేదు. ఆమె పన్నెండు డబ్బాల మీదా తల్లి పేరు, తండ్రి పేరు, పొదిగిన తేదీ, హెట్ వివరం రాసింది. ఏ ఒక్క చీటీ మీదా శాతం గుర్తు పెట్టవలసిన అవసరం రాలేదు.